యంత్రమునకు మాట నేర్పిన గ్రేస్ హాపర్

గణితాచార్యురాలు గ్రేస్ హాపర్ 1906లో న్యూయార్కు నగరమున జన్మించెను. ఏడేండ్ల ప్రాయమున, గడియారము నడచు తీరు తెలిసికొనగోరి ఇంటిలోని గడియారములన్నిటిని విప్పివైచెనట! వాసర్ కళాశాలలో గణితము బోధించుచునే 1934లో యేల్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము నందెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1943లో, నౌకాదళమున చేరగా, అధికారులు ఆమెను హార్వర్డులోని మార్క్-1 అను మహాయంత్రము కడకు పంపిరి.

ఆ దినములలో కంప్యూటరునకు ఆజ్ఞలిచ్చుట యనగా అంకెల సంకేతములను వరుసగా కూర్చుటయే. ఒక్క అంకె తప్పిన లెక్క యంతయు తప్పును. ఆ కూర్పును యంత్రమే చేసికొనరాదా యని తలచి ఆమె 1952లో ఏ-0 అను కంపైలరును నిర్మించెను. కంప్యూటరు లెక్కలు చేయునే గాని ప్రోగ్రాములు కూర్చజాలదని అనేకులు వాదించిరి. ఆమె వెనుదీయలేదు.

పిమ్మట రెండు మార్గము లేర్పడెను. ఐ.బి.ఎం. సంస్థలో జాన్ బాకస్ బృందము 1957లో ఫోర్ట్రాన్ భాషను వెలువరించెను. అందు బీజగణిత సూత్రమును ఇంచుమించు పుస్తకములో నున్నట్లే వ్రాయవచ్చును. శాస్త్రజ్ఞునకు అది సొంత ఇల్లు. కాని జీతముల పట్టీ వ్రాయు గుమాస్తాకు సూత్రములతో పనియేమి? అట్టివారి కొరకు హాపర్ వాడుక ఇంగ్లీషు మాటలతో ఫ్లో-మాటిక్ అను భాషను రూపొందించెను. 1959లో ఏర్పడిన సంఘము దానిని ముఖ్యాధారముగ గొని కోబాల్ భాషను సిద్ధపరచెను.

ఈ రెంటిలో ఏది మిన్న? పని యెరుగక ఈ ప్రశ్నకు బదులు చెప్పరాదు. పదియవ వంతు రెండంకెల పద్ధతిలో నిశ్శేషముగ ఇమడదు. శాస్త్రగణనమున ఆ సూక్ష్మభేదమును సహింపవచ్చును. బ్యాంకు ఖాతాలో పైసా తేడాయు పనికిరాదు. కోబాల్ దశాంశములను దశాంశములుగనే లెక్కించును. అయితే మాటలు పెరిగి ప్రోగ్రాము సాగిపోవును. దీర్ఘమైన గణితమునకు అది తగదు.

హాపర్ 1986లో రియర్ అడ్మిరల్ హోదాతో పదవి విరమించి, 1992 జనవరి 1న కన్నుమూసెను. ఆమె పోయినను ఆ భాష పోలేదు. 2020లో కోవిడ్ వేళ నిరుద్యోగ భృతికై దరఖాస్తులు వెల్లువెత్తగా, పాత వ్యవస్థలను నడపుటకు కోబాల్ తెలిసినవారు కావలెనని న్యూజెర్సీ గవర్నరు బహిరంగముగ కోరవలసివచ్చెను.

కావున ప్రోగ్రాము వ్రాయబూనిన విద్యార్థి, ఏ భాష కొత్తదని గాక, పని యెట్టిది, వ్రాసినదానిని రేపు చదివి దిద్దువారెవరు అని ముందుగా విచారింపవలెను. ఒక తరము ఎన్నుకొనిన భాష భారము మరియొక తరము మోయవలసి వచ్చును.