ఆరోగ్యవరపు డాక్టరు దొరగారు

హిజ్కియా రాజునకు మరణకరమైన రోగము కలిగినప్పుడు దేవుడు అతని ఆయుష్షును 15 సంవత్సరములు పొడిగించెను. పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టిరి. అతడు స్వస్థుడై స్తుతికీర్తన వ్రాసెను. అయితే దినవృత్తాంతముల రెండవ గ్రంథము 32వ అధ్యాయములో, ఆ రాజు తాను పొందిన మేలుకు తగినట్లు ప్రవర్తింపక గర్వించెనని యున్నది. కీర్తన వ్రాసినవాడే మరచెను! ఈ క్రిస్మస్ దినములలో మంచముపై కోలుకొనుచున్న మన సంఘస్థులను తలంచుకొనుచు, మదనపల్లె సీమకు మేలుచేసిన యొక వైద్యుని సంగతి వ్రాయుచున్నాము.

ఆయన క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్ మోల్లర్ గారు. డెన్మార్కు దేశస్థులు, మిషనెరీ వైద్యులుగా దక్షిణ భారతమునకు వచ్చిరి. ఆ కాలమున క్షయ యనగా చావు అనియే జనులు తలంచెడివారు. రోగికి వేరు పళ్లెము, వేరు చాప, వాకిట వేరు మూల. ఒక్క మిషనుకు ఈ భారము మోయ శక్తి చాలదు గనుక అనేక మిషనులు కలిసి 1912లో యూనియన్ మిషన్ క్షయ శానిటోరియమును స్థాపించినవి. దానికి మొదటి సూపరింటెండెంటు దొరగారే. మదనపల్లెకు సమీపమున, సముద్రమట్టమునకు 2,000 అడుగులకు పైబడిన ఎత్తున, పొడిగాలి వీచు ఆ స్థలమే ఆరోగ్యవరము.

అక్కడి చికిత్స ఏమనగా మంచి గాలి, పుష్టినిచ్చు ఆహారము, అన్నిటికంటె ముఖ్యముగా విశ్రాంతి. క్షయక్రిములను చంపు స్ట్రెప్టోమైసిన్ 1943లో గాని కనుగొనబడలేదు. అందుచేత రోగి నెలల తరబడి పడుకొనియుండవలెను. కోతలకు చేయి కావలసియుండగా, ఇంట బిడ్డలు ఎదురుచూచుచుండగా, పండుగ దగ్గరపడుచుండగా ఊరక పడుకొనుట కాపువానికి ఎంత కష్టమో పుంగనూరు, కుప్పము పల్లెలలో తిరుగు మాకు తెలియును. పూర్తి స్వస్థత కనబడదు. నేడు జ్వరము దిగినది, ఈ వారము కొంచెము బరువు పెరిగినది, అంతే. ఆ కొంచెమునకే స్తోత్రము చెప్పనేర్చినవాడు ఓర్చుకొని నిలుచును.

దొరగారి స్వదేశములో 1904లో ఒక మంచి పని మొదలాయెను. ఐనార్ హోల్బోల్ అను తపాలా ఉద్యోగి ఆలోచన చొప్పున, క్రిస్మస్ ఉత్తరములపై అంటించుటకు స్వల్ప వెలగల బిళ్లలు అమ్మి, ఆ సొమ్ము క్షయ సోకిన బిడ్డల కొరకు వినియోగించిరి. పండుగనాడు సుఖముగానున్నవారు మంచముపై నున్నవారిని తలంచుటకు ఇంతకంటె చవుకైన మార్గము మాకు తోచదు. తరువాత మన దేశములోను టి.బి. బిళ్లలు అమ్మిరి.

1939లో భారత క్షయ నివారణ సంఘము ఏర్పడినప్పుడు దొరగారు దానికి మెడికల్ కమిషనరుగా పనిచేసిరి. ఆయన కుమారుడు యొహానెస్ గారును ఆరోగ్యవరములోనే వైద్యులై, చుట్టుపట్ల గ్రామములలో ఈ వ్యాధిని పరిశోధించిరి. 1948లో బి.సి.జి. టీకా మన దేశములో మొదట వేయబడినది మదనపల్లెలోనే.

1959లో ప్రచురింపబడిన మద్రాసు పరిశోధన, మందులు సరిగా వాడినయెడల ఇంటనుండియు క్షయ నయమగునని చూపెను. నేడు సాధారణముగా 6 నెలల మాత్రలు చాలును. కాని రెండు నెలలకే దగ్గు తగ్గును, ఆకలి పుట్టును. నయమాయెనని మాత్రలు మానుదురు. వ్యాధి తిరుగబెట్టి, అవే మందులకు లొంగకపోవచ్చును. హిజ్కియా చేసినదియు ఇట్టిదే గదా.

కావున ఈ క్రిస్మస్‌కు కృతజ్ఞతార్పణ కవరు పట్టుకొని వచ్చు సహోదరుని కొరకు ప్రార్థించి, ఇంక ఎన్ని మాత్రలు మిగిలియున్నవని కూడ అడుగుచున్నాము.