చిన్న ఇంజిన్‌తో పందెపు దారి వేసిన కరివర్ధన్

కోయంబత్తూరు: భారతీయ మోటారు పందేల చరిత్రలో ఎస్. కరివర్ధన్ (1954–1995) స్థానం ప్రత్యేకమైనది. ఆయన స్వయంగా పందెగాడు. అయినా ఆయనకు శాశ్వత కీర్తి తెచ్చింది తాను గెలిచిన పందేలు కావు, ఇతరులు పోటీ పడేందుకు వీలుగా తయారు చేసిన ఒక చిన్న కారు. మారుతి 800 ఇంజిన్‌తో ఆయన రూపొందించిన ఒంటి సీటు వాహనం ‘ఫార్ములా మారుతి’ ఒక తరం డ్రైవర్లకు తొలి పాఠశాల అయింది.

శతాబ్దాల క్రితం వలస వెళ్లి కొంగునాట స్థిరపడిన తెలుగు కుటుంబాలు కోయంబత్తూరు పారిశ్రామిక ప్రగతిలో ముఖ్య పాత్ర వహించాయి. దేశీయ విద్యుత్ మోటారు తయారీకి ఆద్యుల్లో ఒకరైన జి.డి. నాయుడు ఆ నేలవారే. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు స్థాపించిన లక్ష్మీ మిల్స్ కూడా ఆ కోవకే చెందుతుంది. కరివర్ధన్ ఈ లక్ష్మీ మిల్స్ కుటుంబంలో జన్మించారు. నూలు మిల్లులు, యంత్ర కర్మాగారాలు, పంపుల తయారీ శాలలు ఉన్న ఊరిలో యంత్రాల పట్ల ఆసక్తి కలగడం వింత కాదు. ఆయన ఆ ఆసక్తిని వేగం వైపు మళ్లించారు.

అది స్వయంసమృద్ధి కోసం దేశం పాటుపడుతున్న కాలం. 1959 ఫిబ్రవరి 4న భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించే నాటికి కరివర్ధన్‌కు ఐదేళ్లు. ఆయన యౌవనానికి వచ్చేసరికి రైలు పట్టాలకు కావలసిన ఉక్కు దేశంలోనే సిద్ధమవుతోంది. పందెపు కారుకు కావలసిన సున్నితమైన విడిభాగాల పరిస్థితి వేరు. దిగుమతులపై ఆంక్షల వల్ల విదేశీ పందెపు ఇంజిన్లు సామాన్య పోటీదారుకు అందేవి కావు. మద్రాసుకు ఉత్తరాన, రెండో ప్రపంచ యుద్ధకాలపు షోళవరం విమాన పథం మీద జరిగే పందేల్లో ఫియట్, హెరాల్డ్, అంబాసిడర్ వంటి రోడ్డు కార్లకే మార్పులు చేసి నడిపేవారు. ఎవరి చేతిలో డబ్బు, విడిభాగాలు ఎక్కువ ఉంటే వారికే ఆధిక్యం.

రోడ్డు కారు ఇంజిన్‌ను పందేనికి మలచడంలో ఉన్న చిక్కు వాల్వు స్ప్రింగు లెక్కలో స్పష్టంగా తెలుస్తుంది. క్యామ్ షాఫ్ట్ వాల్వును నెట్టి తెరుస్తుంది. దాన్ని వెనక్కు తెచ్చే పని స్ప్రింగుది. వాల్వు పూర్తిగా తెరుచుకొని వెనుదిరిగే క్షణంలో స్ప్రింగు బలం, కదిలే భాగాల జడత్వ బలం కంటే ఎక్కువగా ఉండాలి. లేకపోతే వాల్వు క్యామ్ అంచును వదిలి తేలిపోతుంది. అప్పుడు ఇంజిన్ శక్తి పడిపోతుంది, వాల్వు పిస్టన్‌ను ఢీకొని విరిగే ప్రమాదమూ ఉంది.

ఉదాహరణకు ఒక స్ప్రింగును ప్రతి మిల్లీమీటరు కుదించడానికి 25 న్యూటన్ల బలం కావాలనుకుందాం. వాల్వు మూసి ఉన్నప్పుడు స్ప్రింగు బలం 150 న్యూటన్లు, వాల్వు లేచే ఎత్తు 8 మిల్లీమీటర్లు అయితే పూర్తిగా తెరుచుకున్నప్పుడు 350 న్యూటన్లు లభిస్తాయి. నిమిషానికి 6,000 భ్రమణాల వద్ద జడత్వ బలం 160 న్యూటన్లు అయితే, అది వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది కనుక 8,000 వద్ద సుమారు 284, 9,000 వద్ద 360 అవుతుంది. వేగం ఒకటిన్నర రెట్లయితే బలం రెండుంబావు రెట్లయిందన్నమాట. ఈ ఇంజిన్ 8,000 వద్ద క్షేమంగా తిరుగుతుంది, 9,000 వద్ద వాల్వు తేలుతుంది. ఈ లెక్కలో స్ప్రింగు బరువులో మూడో వంతును కూడా కదిలే బరువుగా చేర్చుకోవాలి. అలాగని మరీ గట్టి స్ప్రింగు అమర్చితే రాపిడి పెరిగి క్యామ్ త్వరగా అరుగుతుంది. మంచి ఉక్కు తీగ, తేలికైన వాల్వు, సరైన క్యామ్ మూడూ కలిస్తే తప్ప ఆ హద్దు జరగదు. అందుకే ఇంజిన్ వేగాన్ని పెంచే పోటీ చివరకు ఖర్చుల పోటీగా మారుతుంది.

కరివర్ధన్ ఆ పోటీ నుంచి పక్కకు తప్పుకున్నారు. 1983 డిసెంబరులో మారుతి 800 మార్కెట్లోకి వచ్చింది. మూడు సిలిండర్లు, 796 సీసీ సామర్థ్యం గల ఆ ఇంజిన్ తేలికైనది, విడిభాగాలు దేశమంతటా దొరికేవి. 1980ల చివర్లో ఆయన దాన్ని ఒంటి సీటు కారులో అమర్చారు. అందరి కార్లకూ ఒకే రకం ఇంజిన్ ఉన్నప్పుడు దాని వేగపు హద్దు కూడా అందరికీ ఒకటే. మలుపులో ఎప్పుడు బ్రేకు వేయాలో, ఎక్కడ ముందు కారును దాటాలో తెలిసినవారిదే గెలుపు. తక్కువ శక్తి గల కారును మెలకువతో నడపడం నేర్చుకున్నవారికి పెద్ద కార్ల వైపు వెళ్లే మార్గం సుగమమైంది.

1990లో మద్రాసు సమీపంలోని శ్రీపెరుంబుదూరు వద్ద శాశ్వత రేస్ ట్రాక్ అందుబాటులోకి వచ్చాక ఫార్ములా మారుతి పోటీలకు తగిన వేదిక దొరికింది. కోయంబత్తూరుకే చెందిన నారాయణ్ కార్తికేయన్ తన తొలి పందెంలో నడిపింది ఫార్ములా మారుతి కారునే. ఆ పందెంలోనే ఆయన విజేతల వేదిక ఎక్కారు.

ఆ శ్రమకు దక్కిన అతిపెద్ద ఫలితాన్ని చూడడానికి కరివర్ధన్ లేరు. 1995లో మైక్రోలైట్ విమాన ప్రమాదంలో ఆయన మరణించారు. అప్పటికి ఆయన వయసు 41 ఏళ్లు. పదేళ్ల తరువాత, 2005లో జోర్డాన్ జట్టు తరఫున బరిలోకి దిగి కార్తికేయన్ ఫార్ములా వన్‌లో పాల్గొన్న తొలి భారతీయుడయ్యారు.

కోయంబత్తూరు శివార్లలోని చెట్టిపాళయం వద్ద నిర్మించిన రేస్ ట్రాక్‌కు కరి మోటార్ స్పీడ్‌వే అని పేరు పెట్టారు. ఫార్ములా వన్ ట్రాక్‌లతో పోలిస్తే అది చిన్నది. తక్కువ ఖర్చుతో, సమానమైన కార్లతో కొత్తవారు పందెం నేర్చుకునే చోటుకు ఆయన పేరు పెట్టడం ఎంతో సముచితం.