కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులు

ఇరువదవ శతాబ్దము ప్రారంభమైన దినములలో తెలుగునాట విద్యాభిలాష గలవారు లేకపోలేదు. కాని ఆంగ్లము నేర్వని తెలుగువాడు ఇతర దేశముల చరిత్రను గాని, రసాయన శాస్త్రమును గాని, వాణిజ్య విషయములను గాని తెలిసికొనగోరినచో ఆతని చేతికందు గ్రంథములు మిక్కిలి స్వల్పముగ నుండెడివి. కావ్యములు కలవు, పురాణములు కలవు, శతకములు కలవు. లోకజ్ఞానమును బోధించు వచన గ్రంథములు మాత్రము అరుదు. ఆ కొరతను తీర్చుటకై తన విద్యను, ఆరోగ్యమును, ఆయువును ధారపోసిన మహనీయుడు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులు.

లక్ష్మణరావు 1877వ సంవత్సరము మే నెల 18వ తేదీన కృష్ణా మండలములోని పెనుగంచిప్రోలు గ్రామమున జన్మించెను. ఆయన తండ్రి వేంకటప్పయ్య, తల్లి గంగమ్మ. మూడేండ్ల ప్రాయముననే తండ్రి గతించుటచే బాలుని పెంపకభారము బంధువులపై బడెను. నైజాము రాజ్యములోని భువనగిరిలో ఆయన ప్రాథమిక విద్య సాగెను.

ఆయన జీవితమును తీర్చిదిద్దిన వారిలో అక్కగారగు అచ్చమాంబ ముఖ్యురాలు. ఆ కాలమున బాలికలను బడికి పంపు ఆచారము లేదు. తమ్ముడు చదువుచుండగా ప్రక్కన గూర్చుండి ఆమె అక్షరములు నేర్చెను. పిమ్మట స్వయంకృషిచే పెక్కు భాషలను అభ్యసించెను. స్త్రీల చరిత్రములను సేకరించి అబలా సచ్చరిత్ర రత్నమాల యను గ్రంథమును రచించెను. అట్టి అక్కగారి యింట పెరుగుట లక్ష్మణరావునకు లభించిన గొప్ప భాగ్యము. ఆమె 1905లో చిన్న వయస్సుననే మరణించినది.

అచ్చమాంబ భర్తయగు బండారు మాధవరావు నాగపురమున ఉద్యోగి. లక్ష్మణరావు వారియొద్ద నుండి అచ్చటనే ఉన్నతవిద్య నభ్యసించెను. నాగపురమున మరాఠీ భాష వాడుకలో నుండెను. కొందరు విద్యార్థులు పరభాషను అవసరమునకు మాత్రమే నేర్తురు. లక్ష్మణరావు అట్లు గాక, మరాఠీ గ్రంథములను, పత్రికలను శ్రద్ధతో చదివి ఆ భాషలో వ్యాసములు వ్రాయగల ప్రజ్ఞను సంపాదించెను. మరాఠీలో చరిత్ర పరిశోధన ఎట్లు సాగుచున్నదో, సామాన్యజనులకు లోకజ్ఞానము నందించు గ్రంథములు ఎట్లు వెలువడుచున్నవో ఆయన కన్నులార గాంచెను. తన మాతృభాషలో అట్టి కృషి జరుగకుండుట ఆయన మనస్సును కలచివేసెను. 1900లో బి.ఏ. పట్టమును, 1902లో ఎం.ఏ. పట్టమును పొందెను. తెలుగు, సంస్కృతము, ఆంగ్లము, మరాఠీ మాత్రమే గాక హిందీ, ఉర్దూ, వంగభాషలయందును ఆయనకు పరిచయము గలదు.

విద్య ముగించిన పిదప ఆయన మునగాల సంస్థానమున ప్రవేశించి దివాను పదవిని నిర్వహించెను. నేడు సూర్యాపేట జిల్లాలో నున్న మునగాల అప్పుడు ఆంగ్లేయుల పాలనలోని కృష్ణా మండలమునకు చేరినది. కాని దాని చుట్టును నైజాము రాజ్యమే వ్యాపించి యుండెను. సంస్థానాధిపతియగు నాయని వేంకట రంగారావు విద్యాభిమాని. ప్రభువునకును దివానునకును ఒకే విషయమున ఆసక్తి యుండుటచే ఆ చిన్న సంస్థానము తెలుగు విజ్ఞానమునకు పెద్ద అండయైనది.

ఆ దినములలో నైజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. తెలుగు మాటలాడు ప్రజలు లక్షలకొలది యున్నను తెలుగు బడులు కొద్ది, తెలుగు పుస్తకములు దొరకు తావులు అంతకన్న కొద్ది. దీనిని గమనించిన లక్ష్మణరావు, మునగాల రాజాగారు, రావిచెట్టు రంగారావు మొదలగు మిత్రులు కూడి 1901వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదు నగరమున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయమును స్థాపించిరి. మొదట అది రావిచెట్టు రంగారావు గారి గృహముననే నడచినది. తరువాత 1904లో హనుమకొండయందు శ్రీరాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయము వెలసెను. తెలంగాణమున పిమ్మట వచ్చిన గ్రంథాలయోద్యమమునకు ఈ నిలయములే తొలి దీపములు.

గ్రంథాలయము వెలసినది. కాని బీరువాలలో నుంచుటకు తగిన శాస్త్రగ్రంథములు తెలుగున ఏవి? పుస్తకములు లేని గ్రంథాలయము నీరులేని బావి వంటిది. ఈ సంగతి గ్రహించి లక్ష్మణరావు 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు, రావిచెట్టు రంగారావు మున్నగువారు ఆయనకు తోడైరి. చరిత్రములను, శాస్త్రములను సులభమైన తెలుగులో వ్రాయించి తక్కువ వెలకు ప్రజలకందించుట మండలి ఉద్దేశము.

మండలి ప్రకటించిన మొదటి గ్రంథము హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. కొయ్యదుంగల గుడిసెలో పుట్టి అమెరికా దేశాధ్యక్షుడైన మహాపురుషుని కథను తెలుగు పాఠకులు ఆసక్తితో చదివిరి. అటుపిమ్మట వేమూరి విశ్వనాథశర్మ రసాయన శాస్త్రమును, ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్రమును, కట్టమంచి రామలింగారెడ్డి అర్థశాస్త్రమును రచించి యిచ్చిరి. ధనము ఎట్లు పుట్టును, వస్తువులకు వెల ఎట్లు ఏర్పడును, వర్తకము దేశమునకు ఎట్లు తోడ్పడును అను విషయములను తెలుగు విద్యార్థి తన భాషలోనే చదువుకొను అవకాశము అర్థశాస్త్ర గ్రంథమువలన కలిగినది. చిలుకూరి వీరభద్రరావు రచించిన ఆంధ్రుల చరిత్రము 1910 నుండి వెలువడసాగెను. లక్ష్మణరావు స్వయముగ శివాజీ చరిత్రమును, హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము అను చరిత్ర గ్రంథములను రచించెను.

మంచి గ్రంథము అచ్చుపడినంతమాత్రమున కార్యము పూర్తికాదు; అది చదువరి యింటికి చేరవలెను. ఇందులకై మండలి శాశ్వత చందాదారులను చేర్చుకొనెను. కొనువారు ముందుగనే ఉన్నందున ముద్రణకు ధైర్యము కలిగినది; వెల తగ్గించుటకు వీలైనది. వర్తకమునందలి నేర్పును లాభమునకు గాక విద్యావ్యాప్తికి వినియోగించిన రీతి ఇది. 1908లో రాజద్రోహ నేరముపై హరిసర్వోత్తమరావు కారాగారమునకు పోవలసివచ్చెను. ముఖ్య సహచరుడు దూరమైనను లక్ష్మణరావు వెనుకంజ వేయలేదు. ఆ సంవత్సరమే మండలి హైదరాబాదు నుండి చెన్నపట్టణమునకు తరలెను. అచ్చుకూటములు, పండితులు, 1896లో తెరువబడిన కన్నెమరా గ్రంథాలయము, తాళపత్రములతో నిండిన ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారము గల ఆ నగరము విజ్ఞానకృషికి అనుకూలమైన స్థలము.

లక్ష్మణరావు పరిశోధనా పద్ధతి గమనింపదగినది. ఒకరు చెప్పినది మరియొకరు వ్రాయుట, దానిని చూచి వేరొకరు వ్రాయుట ఆయనకు సమ్మతము గాదు. విషయమునకు మూలమెచ్చట నున్నదో అచ్చటికే పోవలెననునది ఆయన నియమము. నన్నయకు పూర్వము తెలుగుభాష ఎట్లుండెడిది అను ప్రశ్న వచ్చినపుడు పదునొకండవ శతాబ్దమునకు ముందటి కావ్యములు మనకు లభింపలేదు గావున కొందరు ఊహలతో తృప్తిపడిరి. లక్ష్మణరావు ఊహను నమ్మక రాతిపై చెక్కిన శాసనముల నాశ్రయించెను. శాసనములలోని తెలుగు మాటలను ఏరి, వాని కాలమును బట్టి వరుసపెట్టి, నన్నయకు ముందే తెలుగు వాడుకలో నుండిన తీరును వివరించెను. కాగితము పోయినచోట రాయి సాక్ష్యము చెప్పునని ఆయన నిరూపించెను.

ఇట్లు విషయసేకరణమున ఆరితేరిన పిమ్మట ఆయన మనస్సున ఒక మహాసంకల్పము పుట్టెను. ఆంగ్లభాషకు ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా అను విజ్ఞానకోశము గలదు. దాని పదునొకండవ ముద్రణము 29 సంపుటములుగా 1910, 1911 సంవత్సరములలో వెలువడెను. వంగభాషలో నగేంద్రనాథ బసు సంపాదకత్వమున విశ్వకోశము 22 సంపుటములుగా 1911 నాటికి పూర్తియయ్యెను. తెలుగునకు అట్టిది ఏల ఉండరాదు? ఒక్కచోట వెదకిన సమస్త విషయములును దొరకునట్లు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును కూర్చవలెనని 1912, 1913 ప్రాంతమున ఆయన పూనుకొనెను.

విజ్ఞాన సర్వస్వ రచన సామాన్యమైన పని గాదు. వ్రాయదగిన విషయముల పట్టికను మొదట అకారాదిగా సిద్ధపరుపవలెను. ఒక్కొక్క విషయమును దానిని బాగుగ నెరిగిన పండితునిచే వ్రాయింపవలెను. వచ్చిన వ్యాసమును మూలగ్రంథములతో సరిచూడవలెను. వృక్షశాస్త్రము, గణితము, వైద్యము మున్నగువానిలోని ఆంగ్ల పదములకు తెలుగు మాటలు లేనిచో వానిని కల్పింపవలెను. ఒకే వస్తువునకు ఇద్దరు రచయితలు రెండు పేర్లు పెట్టినచో ఒకదానిని నిర్ణయింపవలెను. అన్నిటిని మించి, అచ్చునకు ధనము కావలెను. ఒక విశ్వవిద్యాలయమో, ఒక ప్రభుత్వమో చేయదగిన ఈ పనిని లక్ష్మణరావు కొలదిమంది మిత్రుల సాయముతో తలకెత్తుకొనెను. అనంతరకాలమున చరిత్ర పరిశోధకుడుగా ప్రఖ్యాతి గన్న మల్లంపల్లి సోమశేఖరశర్మ ఆ కార్యాలయముననే ఆయనవద్ద పనిచేసి తర్ఫీదు పొందెను.

సర్వస్వపు మొదటి సంపుటము 1915లో వెలువడెను. పిమ్మట మరి రెండు సంపుటములు వచ్చెను. ఈ మూడును కేవలము అకారముతో మొదలగు విషయములకే సరిపోయినవి. పెక్కు వ్యాసములను ఆయన స్వహస్తముతో వ్రాసెను. అప్పటికే ప్రపంచయుద్ధము వచ్చి ముద్రణకార్యములకు కష్టదినములు దాపురించెను. చందాలు చాలలేదు. అనారోగ్యము పట్టి పీడించెను. వ్యాసములు తేలికగా వ్రాయించి తొందరగ ముగించిన సంపుటములు త్వరత్వరగా వచ్చెడివి. కాని తప్పుడు సంగతి అచ్చుపడిన విజ్ఞానకోశము చదువరికి మేలుకన్న కీడే చేయునని ఆయన తలంపు. వేగము కొరకు సత్యమును విడనాడుట కంటె కార్యము అసంపూర్ణముగ నిలుచుటయే మేలని ఆయన నడవడి చాటుచున్నది. 1923వ సంవత్సరము జూలై నెలలో నలువదియారేండ్ల ప్రాయమున చెన్నపట్టణమున లక్ష్మణరావు దివంగతుడయ్యెను. అక్షరమాలలోని తొలి అక్షరమువద్దనే ఆ మహాగ్రంథము ఆగిపోయెను.

అయినను ఆ కృషి వ్యర్థము గాలేదు. ఆంధ్రపత్రికాధిపతి కాశీనాథుని నాగేశ్వరరావు సర్వస్వ రచనను తిరిగి చేపట్టెను. 1947లో చెన్నపట్టణమున స్థాపింపబడిన తెలుగు భాషాసమితి అకారాది క్రమమును విడిచి, ఒక్కొక్క శాస్త్రమునకు ఒక్కొక్క సంపుటముగా విజ్ఞాన సర్వస్వమును ప్రకటించెను. హైదరాబాదులోని పరిశోధక సంఘము లక్ష్మణరాయ పరిశోధక మండలియను పేరు ధరించి తెలంగాణా శాసనములను సేకరించి గ్రంథరూపమున వెలువరించెను. ఆయన కుమార్తె అచ్చమాంబ మేనత్త పేరు నిలిపి వైద్యురాలై, 1957లో విజయవాడ నుండి లోకసభకు ఎన్నికయ్యెను. ఆయన స్థాపించిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయము హైదరాబాదు సుల్తాను బజారున నేటికిని నిలిచియున్నది.

నేడు విషయసేకరణకు సాధనములు పెరిగినవి. గ్రంథాలయములతోపాటు అంతర్జాలము వచ్చినది. కాని లక్ష్మణరావు పాటించిన నియమములు మారలేదు. దీనికొక నిదర్శనము చూడుడు. కామారెడ్డి జిల్లా బాన్సువాడ ప్రాంతమున, మహారాష్ట్ర సరిహద్దు దరిని మద్నూరు అను మండల కేంద్రము గలదు. అచ్చటి పొలములలో పత్తి పండును. తెలుగుతోపాటు మరాఠీయు వినవచ్చును. ఆ యూరి విద్యార్థి వాణిజ్యశాస్త్రము చదువుచు పత్తి ధర కొన్ని సంవత్సరములుగా ఎట్లు మారినదో తెలిసికొనగోరినాడనుకొందము. దారిన పోవువారి మాట వినికిడి మాత్రమే. మార్కెట్ కమిటీ లెక్కలు మూలాధారము. కేంద్ర ప్రభుత్వము అగ్‌మార్క్‌నెట్ అను పేర అంతర్జాలమున ప్రకటించు మార్కెట్ ధరలు సరిచూచుకొనుటకు మరియొక ఆధారము. వెల పెరుగుటకు, తరుగుటకు కారణములు తెలియవలెనన్న గ్రంథాలయములోని అర్థశాస్త్ర గ్రంథములను చదువవలెను. సరిహద్దు కావలనున్న దెగ్లూరు సంగతులు మరాఠీ పత్రికలలో దొరకవచ్చును. ఆ భాష వచ్చిన విద్యార్థికి రెండవ కన్ను ఉన్నట్లే. ఈ విధముగ సేకరించిన దానిని తేదీలతో వరుసపెట్టి, ఏది ఎచ్చట దొరకినదో గుర్తించి, పరస్పరము పొసగని సంగతులను మరల విచారించి, తన మాటలలో వ్రాసినచో అది పరిశోధన యగును. ఎవరో వ్రాసిన దానిని యథాతథముగ దించుకొన్నచో అది నకలు మాత్రమే.

మూలమును వెదకుట, సాక్ష్యమును సరిచూచుట, తెలిసిన దానిని తనవారి భాషలో పదుగురికి పంచుట అను ఈ మూడును లక్ష్మణరావు పంతులు మనకు విడిచిపోయిన ఆస్తి. ఆయన తలపెట్టిన గ్రంథము అకారముతో ఆగినది. ఆ ఆస్తిని అనుభవించు ప్రతి విద్యార్థియు తరువాతి అక్షరమును వ్రాయువాడే.