అయ్యవారి జీతం లెక్కవేసిన గవర్నరు

1823లో బళ్లారి జిల్లాలో 226 తెలుగు బడులు ఉండేవి. కన్నడ బడులు 235. మరాఠీ, పారశీ, తమిళం, సంస్కృతం నేర్పే బడులు, ఒకే ఒక్క ఇంగ్లీషు బడి కలిపితే మొత్తం 533. నేటి అనంతపురం కూడా అప్పట్లో ఆ జిల్లాలోనిదే. ఈ లెక్కను అప్పటి కలెక్టరు క్యాంప్‌బెల్ పంపాడు. తీయించినది మాత్రం మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో. రాయలసీమ వారు మన్రో దొరగా చెప్పుకునే మనిషి. మన బడుల కష్టాలు మాట్లాడుకునేటప్పుడు ఈయన కథ ఒకసారి తెలుసుకోవడం మంచిది.

మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గోలో పుట్టాడు. తండ్రిది అమెరికాతో పొగాకు వ్యాపారం. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ఆ వ్యాపారాన్ని ముంచేసింది. ఇల్లు గడవడం కష్టమై కొడుకు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి, 1780 జనవరిలో మద్రాసులో దిగాడు. ఒక్క ఒడుదొడుకుతో కుటుంబం ఎలా తలకిందులవుతుందో చిన్నప్పుడే చూసినవాడు.

1792లో టిప్పు సుల్తాను నుంచి బారామహల్ కంపెనీ చేతికి వచ్చింది. నేటి ధర్మపురి, కృష్ణగిరి ప్రాంతం అది. అక్కడి శిస్తు పనికి అలెగ్జాండర్ రీడ్ కింద మన్రోను వేశారు. అక్కడ ఏడేళ్లు, ఆ తర్వాత కెనరాలో కొంతకాలం పనిచేశాడు. 1800లో నిజాం దత్తమండలాలను ఇచ్చేశాక అక్కడికి కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు. డేరాల్లో బసచేస్తూ ఊరూరా తిరిగి పొలాలు కొలిపించాడు.

ఆ తిరుగుడులో ఆయన పట్టుకున్న సంగతి ఒకటుంది. ఊరి శిస్తును ఏడాదికి గుత్తకు తీసుకున్నవాడికి ఆ ఏడాది రాబడే ముఖ్యం. వచ్చే ఏడు చెరువు తెగినా, రైతు ఊరు విడిచినా వాడికి పోయేదేమీ లేదు. కాబట్టి పిండినంత పిండుతాడు. రైతు సంగతీ అంతే. బావి తవ్వితే పెరిగిన పంట మీద శిస్తూ పెరుగుతుందనుకుంటే తవ్వడు. ఇది గుత్తేదారు దుర్మార్గమో, రైతు సోమరితనమో కాదు. ఎవరి లాభం ఎటుంటే వాళ్ల అడుగు అటే పడుతుంది.

అందుకే రైతుతో సర్కారు నేరుగా ఒప్పందం చేసుకునే రైతువారీ పద్ధతి వైపు మన్రో మొగ్గాడు. 1807లో శిస్తు నూటికి 25 వంతులు తగ్గించమన్నాడు. బావులను రైతులు సొంత ఖర్చుతో బాగుచేసుకుంటే వాటి కింది భూములకు ఇంకో 8 వంతులు తగ్గించాలన్నాడు. పైవాళ్లు ఒప్పుకోలేదు. మళ్లీ ఊళ్లను కౌలుకిచ్చారు, చాలామంది కౌలుదారులు దివాలా తీశారు. 1820లో తానే గవర్నరయ్యాక మన్రో రైతువారీని నిలబెట్టాడు.

ఈయన్ని దేవుణ్ని చేయనక్కర్లేదు. దత్తమండలాల్లో పాలెగాళ్లను అణచడంలో కఠినంగా ఉన్నాడు. మొదట వేసిన శిస్తు రైతు మోయలేనంత బరువు. కాగితం మీద బాగున్న రైతువారీ కింది ఉద్యోగుల చేతిలో ఎలా పాడైందో 1855లో మద్రాసు చిత్రహింసల కమిషను బయటపెట్టింది.

ఇక బడుల కథ. 1822లో మన్రో అన్ని జిల్లాల నుంచి బడుల లెక్క అడిగాడు. మద్రాసు రాజధానిలో 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు అని తేలింది. జనాభా సుమారు 1 కోటి 28 లక్షలు. చదువు ఎందుకు పెరగడం లేదంటే, జనానికి చదువంటే గౌరవం లేదని ఆయన తీర్పు చెప్పలేదు. జేబులు చూశాడు. పిల్లవాడు నెలకు నాలుగు నుంచి ఎనిమిది అణాలు ఇస్తున్నాడు. అయ్యవారికి వచ్చేది ఆరేడు రూపాయలు. ఆ డబ్బుకు చదువుకున్నవాడు బడి పెట్టడు. బీదతల్లికి పిల్లవాడి కూలే ఆసరా అయినప్పుడు బడికి పంపదు. చదువుకున్నా పెద్ద కొలువులు దొరలకే అయితే చదువు మీద ఆశ ఎలా పుడుతుందన్నది కూడా ఆయన అడిగిన ప్రశ్నే.

1826లో ఒక పథకం వేశాడు. తాలూకాకో బడి, అందులో అయ్యవారికి సర్కారు నుంచి నెలకు 9 రూపాయలు. జిల్లా బడుల్లో అయితే 15. పిల్లలిచ్చేది దానికి అదనం. మరుసటి ఏడాది దత్తమండలాల పర్యటనలో కలరా సోకి, 1827 జూలై 6న పత్తికొండలో మన్రో కన్నుమూశాడు. గుత్తిలో పాతిపెట్టి, తర్వాత మద్రాసు కోటలోని చర్చికి మార్చారు. పట్టించుకునేవాడు లేక ఆ బడులు పదేళ్లలోపే మూతపడ్డాయి. ఇచ్చిన జీతానికి తగినవాళ్లు రాలేదన్నది తర్వాత వినిపించిన మాట. అంటే మన్రో లెక్క సరైనదే, వేసిన అంకె చాలలేదు.

మన బడిలో చేరికలు తగ్గినప్పుడు తల్లిదండ్రులకు భాషాభిమానం పోయిందని నొచ్చుకోవడం మనకు అలవాటు. అభిమానం ఉన్న ఇల్లు కూడా పిల్లవాడి రేపటి గురించే ముందు ఆలోచిస్తుంది. తెలుగు అయ్యవారి ఖాళీ నిండిందా, పుస్తకాలు బడి తెరిచేనాటికి అందాయా, పదో తరగతి తర్వాత తెలుగుతో వెళ్లగల దారి ఏది, రాష్ట్రభాషా ఇంగ్లీషూ కూడా మన బడిలో గట్టిగా వస్తాయా? వీటికి జవాబు చెప్పగలిగిన బడికి పిల్లలను బతిమాలి తెచ్చుకోవలసిన పని తక్కువ. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో నిందలు పక్కనపెట్టి ముందుగా ఈ లెక్క రాసుకుందాం. అధికారుల ముందుకు అర్జీతో వెళ్లినా చేతిలో ఉండవలసింది ఆ లెక్కే.