ఫుట్‌బాల్ గురువు రహీము సాహెబు

గెలిచినవారిని మెచ్చుట సులభము. ఓడినవారిని చేరదీసి, లోపము చూపి, దిద్దుట కష్టము. అట్టి కష్టమును జీవితవ్రతముగా స్వీకరించిన పుణ్యపురుషులు సయ్యద్ అబ్దుల్ రహీముగారు.

వారు 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించిరి. వృత్తిచే బడిపంతులు. హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై తుదివరకు ఆ భారమును వహించిరి. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకులైరి. ఆ కాలమున మన కుఱ్ఱవాండ్రు బంతిని తమ కాలివద్దనే త్రిప్పుకొనుచు మురియుచుండిరి. అది పంతులుగారికి నచ్చలేదు. బంతి చిక్కినంతనే తోడివానికి అందింపవలెననుట ఆయన ప్రథమపాఠము. బలహీనమైన కాలితోనే ఆడవలెనను నియమముతో పిల్లలకు పోటీలు పెట్టించిరి. ఫలితము వెంటనే కానవచ్చెను. బొంబాయిలో జరుగు రోవర్సు కప్పును ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు గెలిచెను.

భారత జట్టు కూడ ఆయన చేతికి వచ్చెను. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో ఇరానును 1-0తో గెలిచి స్వర్ణపతకము నందెను. కాని మరుసటి యేడు హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేత 10-1తో పరాభవము కలిగెను. చలిదేశమున మనవారిలో పెక్కురు వట్టికాళ్లతో ఆడిరి. పిదప బూట్లు తప్పనిసరియయ్యెను. రహీముగారు పరాభవమునకు క్రుంగక, దానినే పాఠ్యపుస్తకముగా చేసికొనిరి. అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరామను పేదబాలుడు మైదానమునకు రాలేకుండుట చూచి, సైకిలు అద్దె తామిచ్చి రప్పించిరి. ఆ బాలుడే తరువాత దేశమునకు మేటి ఆటగాడయ్యెను. 1956 మెల్‌బోర్ను ఒలింపిక్సులో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి, నాలుగవ స్థానమున నిలిచెను.

1962 నాటికి క్యాన్సరు వ్యాధి ఆయనను పీడించుచుండెను. అయినను జట్టుతో జకార్తా వెళ్లిరి. తొలి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో మనలను ఓడించెను. రాజకీయ కారణములచే అచటి జనులు మనవారిపై ఆగ్రహించియుండిరి. తలకు గాయమైన జర్నైల్ సింగును రహీముగారు రక్షణపంక్తి నుండి దాడిపంక్తికి మార్చిరి. సెప్టెంబరు 4న అంతిమపోటీలో మరల ఆ కొరియాయే ఎదురయ్యెను. పి.కె. బెనర్జీ ఒక గోలు, కట్టుతో ఆడిన జర్నైల్ సింగు ఒక గోలు చేయగా, మనవారు 2-1తో విజయము సాధించిరి. ఏ జట్టుచే ఓడిరో ఆ జట్టునే గెలిచిరి.

1963 జూన్ 11న రహీముగారు పరమపదించిరి. సరిగా 45 దినములకు, జులై 26న, పోచంపాడు వద్ద గోదావరి ఆనకట్టకు నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. రాయి నాటిన యేడే నీరు పాఱలేదు. పొలములకు అది అందుటకు ఏండ్లు పట్టెను. రహీముగారి కృషియు అట్టిదే. హెల్సింకి నుండి జకార్తాకు పదేండ్లు పట్టెను. ఆయన పిదప ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణము మన దేశమునకు మరల దక్కలేదు. పరీక్షలో తప్పిన బాలుడు గాని, పంట పోయిన రైతు గాని ఈ బడిపంతులు చరిత్ర చదివినచో, లోపము తెలిసికొనుటయే గెలుపునకు తొలిమెట్టని గ్రహింపగలడు.