ఎర్రర్‌కి వేరే దారి వేసిన డెన్నిస్ రిచీ

పైథాన్ స్క్రిప్ట్ అవుట్‌పుట్‌ని ఫైల్‌లోకి మళ్లించినా ఎర్రర్ మెసేజ్ మాత్రం స్క్రీన్ మీదే కనిపిస్తుంది. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? దాని వెనక డెన్నిస్ రిచీ ఉన్నారు.

ఆయన 1941 సెప్టెంబర్ 9న అమెరికాలోని బ్రాంక్స్‌విల్‌లో పుట్టారు. తండ్రి అలిస్టర్ బెల్ ల్యాబ్స్‌లో శాస్త్రవేత్త. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చదివిన రిచీ, 1967లో బెల్ ల్యాబ్స్‌లోనే చేరారు. పీహెచ్‌డీ థీసిస్ రాశారు గానీ పట్టా అందుకోలేదు. 1969లో కెన్ థాంప్సన్ యూనిక్స్ మొదలుపెడితే ఆయనకు తోడయ్యారు. తర్వాత సీ లాంగ్వేజ్‌ని రూపొందించారు.

1973లో యూనిక్స్‌కి పైపులు వచ్చాయి. ఒక ప్రోగ్రామ్ అవుట్‌పుట్ నేరుగా ఇంకోదానికి ఇన్‌పుట్ అయ్యేది. చిక్కు అక్కడే వచ్చింది. అప్పట్లో ఫలితం, ఎర్రర్ రెండూ ఒకే దారిలో వెళ్లేవి. ఫైల్ దొరకలేదన్న మెసేజ్ కూడా డేటాలో కలిసిపోయేది. తర్వాతి ప్రోగ్రామ్ లైన్లు లెక్కపెట్టేదైతే దాన్నీ ఓ లైన్‌గా లెక్కేసేది. తప్పు జరిగిందని మనిషికి తెలిసేదే కాదు! డిజైన్ సింపుల్‌గా ఉండాలని అందరూ సర్దుకుపోయారు. 1975లో ఆరో ఎడిషన్ వచ్చాక, రిచీ ఎర్రర్లకు విడిగా స్టాండర్డ్ ఎర్రర్ అనే దారి వేశారు. ఇన్‌పుట్ 0, అవుట్‌పుట్ 1, ఎర్రర్ 2.

ఈ అంకెలు తెలిస్తే డీబగ్గింగ్ సగం తేలికవుతుంది. షెల్‌లో > గుర్తు ఒక్కటే వాడితే 1 మాత్రమే ఫైల్‌లోకి వెళ్తుంది. ఎర్రర్లు కూడా అందులోకే రావాలంటే ముందు > తో ఫైల్ పేరు, ఆ తర్వాత 2>&1 ఇవ్వాలి. వరస మార్చారో, ఎర్రర్ మళ్లీ స్క్రీన్ మీదికే వస్తుంది. ఇంకో తిరకాసు ఉంది. లాగ్ ఫైల్‌లో ఒక్కోసారి ఎర్రర్ ముందు, దానికంటే ముందే ప్రింట్ చేసిన లైన్ తర్వాత కనిపిస్తాయి. ఫైల్‌లోకి వెళ్లే అవుట్‌పుట్ బఫర్‌లో ఆగుతుంది, ఎర్రర్ ఆగదు. అంతే తేడా. ప్రింట్‌లో ఫ్లష్ ఆన్ చేస్తే వరస కుదురుతుంది.

1983లో రిచీ, థాంప్సన్‌లకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. రిచీ 2007లో రిటైరయ్యారు. 2011 అక్టోబర్‌లో న్యూజెర్సీలోని ఇంట్లో ఒంటరిగా కన్నుమూశారు. స్టీవ్ జాబ్స్ పోయిన వారానికే వచ్చిన ఆ వార్త పెద్దగా ఎవరికీ చేరలేదు.

స్క్రీన్ నీట్‌గా ఉండాలని ఎర్రర్లను 2>/డెవ్/నల్‌లో పారబోసే అలవాటు మనలో చాలామందికి ఉంది. ఈసారి అలా టైప్ చేసేముందు ఒక్క క్షణం ఆగండి. ఆ మెసేజ్ మీదాకా రావాలనే రిచీ ఆ దారి వేశారు.