తప్పుడు తాళంచెవి: డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు కథ

పిల్లలూ, మీరు పరుగెత్తేటప్పుడు కాళ్ళకి బలం ఎక్కడి నుంచి వస్తుంది? తిన్న అన్నం నుంచే కదా! కానీ అన్నం నేరుగా కండల్లోకి పోదు. మన ఒంట్లో ప్రతి కణంలోనూ ఎంజైములు ఉంటాయి. ఒక ఎంజైము ఒక పదార్థాన్ని కొంచెం మార్చి తర్వాతి దానికి అందిస్తుంది. అది ఇంకొంచెం మారుస్తుంది. మధ్యలో ఒక్క ఎంజైము ఆగితే ఆ వరసంతా ఆగిపోతుంది. ఈ సంగతితో వైద్యాన్నే మార్చిన ఒక తెలుగాయన కథ చదువుదాం.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో డబ్బుకి ఇబ్బంది. చిన్నప్పుడు ఆయనకి చదువు మీద మనసు లేదు. కాశీ వెళ్ళి అరటిపళ్ళు అమ్ముకుందామని ఇంట్లోంచి పారిపోయారట! అమ్మ వెంకమ్మగారు వెనక్కి తీసుకొచ్చి మళ్ళీ బడిలో వేశారు. మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో పాసయ్యారు.

తర్వాత మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు. అది ఒక ఇంగ్లీషు ప్రొఫెసరుకి నచ్చలేదు. చివరికి సుబ్బారావుగారికి పెద్ద డిగ్రీ బదులు చిన్న సర్టిఫికెట్టే దక్కింది. ఆ రోజుల్లోనే స్ప్రూ అనే జబ్బుతో ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. ఆ జబ్బు వస్తే తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తగ్గిపోతుంది. దానికి అప్పట్లో సరైన మందు లేదు.

ఆయన భార్య శేషగిరిగారిని ఇంటి దగ్గర వదిలి అమెరికాలోని బోస్టన్ వెళ్ళారు. పగలు హార్వర్డ్‌లో చదువు, రాత్రి ఆసుపత్రిలో కూలిపని. ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి, కండల్లో శక్తిని దాచే ఫాస్ఫోక్రియాటిన్‌ని, తర్వాత ఏటీపీని కనుక్కున్నారు. ఏటీపీ అంటే కణం చేతిలో ఉండే రొక్కం లాంటిది. ఏ పనికైనా కణం దాన్నే ఖర్చుపెడుతుంది. ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకి స్థిరమైన ఉద్యోగం దొరకలేదు.

1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అది స్ప్రూ జబ్బుకి మందు! సోదరులకి మాత్రం అందలేదు.

కథ అక్కడితో ఆగలేదు. కణం రెండు కణాలుగా మారాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. దాన్ని పనికొచ్చేలా మార్చే ఎంజైము ఒకటుంది. క్యాన్సర్ కణాలు ఆగకుండా పెరుగుతూ ఉంటాయి కాబట్టి వాటికి అది మరీ అవసరం. సుబ్బారావుగారి బృందం అచ్చం ఫోలిక్ ఆమ్లంలా కనిపించే అమినోప్టెరిన్‌ని తయారుచేసింది. అది ఎంజైములో దూరి, తాళంలో ఇరుక్కున్న తప్పుడు తాళంచెవిలా ఉండిపోతుంది. ఇక పని సాగదు.

బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఆ మందుని రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకి ఇచ్చారు. 16 మందిలో 10 మందికి కొంతకాలం బాగైంది. జబ్బు మళ్ళీ వచ్చింది. కానీ ఆ జబ్బుని మందుతో వెనక్కి నెట్టవచ్చని అప్పుడే తెలిసింది. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేట్‌ని డాక్టర్లు ఈ రోజుకీ వాడుతున్నారు.

ఆ ఫలితాలు అచ్చయిన 1948లోనే, ఆగస్టులో, సుబ్బారావుగారు 53 ఏళ్ళకి కన్నుమూశారు. మళ్ళీ సొంత ఊరు చూడనే లేదు. నోబెల్ బహుమతీ రాలేదు. 1995లో భారత ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలా బిళ్ళ వేసింది. మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, ఈయన పేరు విన్నారేమో!

ఆలోచించి చెప్పండి
1. అమినోప్టెరిన్‌ని తప్పుడు తాళంచెవి అని ఎందుకన్నాం?
2. సుబ్బారావుగారు ఏయే చోట్ల ఓడిపోయారు? తర్వాత ఏం చేశారు?